నడుముకి సూది, నక్షత్రానికి శాంతి

నాకు చిన్నప్పట్నుంచీ మూర్ఛ. మా వైపు ఫిట్స్ అంటారు. ఇంగ్లీషులో చెబితే రోగానికి కూడా కొంచెం చదువుకున్న కళ వస్తుందని కాబోలు. ధర్మవరం దగ్గర శెనక్కాయ పండించే పల్లె మాది. ఫిట్స్ వచ్చే ముందు నాకు ఒక వాసన తగులుతుంది, పెనం మీద మాడిపోయిన శెనక్కాయల వాసన. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా సరే, నా ఒక్కదానికే వస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలీదు. మిగతా లోకానికంతా తెలుస్తుంది.

ఈ జబ్బులో ఉన్న సౌకర్యమే అది. కాలు విరిగితే ఆ కథ మనమే చెప్పుకోవచ్చు. మూర్ఛ వస్తే మన కథ మనకు ఊరివాళ్ళు చెబుతారు. ఎట్లా పడ్డానో, కళ్ళు ఎటు తిరిగాయో, నురగ ఎంత వచ్చిందో, ఎవరు ముందు పరిగెత్తుకొచ్చారో, ఎవరు రాకుండా అరుగు మీద నుంచే చూశారో, అన్నీ చెబుతారు. చెప్పిన ప్రతిసారీ నురగ కొంచెం పెరుగుతుంది. నేను మాత్రం పక్కింటి పిల్ల సంగతి విన్నట్టు వింటూ కూర్చోవాలి.

డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి హిందూపురం బస్టాండులో పడిపోయాను. తెలివొచ్చి చూస్తే నా గుప్పిట్లో ఎవరిదో బీగాల గుత్తి. ఇనుము పట్టిస్తే మూర్ఛ దిగిపోతుందని మనవాళ్ళకు గట్టి నమ్మకం కదా, ఎవరో పెద్దమనిషి జేబులోంచి తీసి నా చేతిలో పెట్టేశాడు. పాపం, ఆయన బండి బీగం కూడా అందులోనే ఉంది. అంతమంది గుంపులో నేను ఎప్పుడు లేస్తానా అని నిజంగా ఎదురుచూసింది ఆయనొక్కడే.

“లేసినావామ్మా? మంచిదైంది. ఆ గుత్తి ఇచ్చేస్తే నేను పోతా. ఇంటికాడ కాసుకోని ఉంటారు.”

ఇచ్చేశాను. అంతటితో నా వైద్యం ముగిసింది.

చదువు అయ్యాక పెనుకొండలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరుగా చేరాను. అక్కడే సంబంధం వచ్చింది. మా నాయన దాపరికం లేకుండా చెప్పేశాడు, పిల్లకు ఫిట్స్ ఉంది, మాత్రలు వేసుకుంటుంది అని. ఇంక వాళ్ళు లేచి పోతారని మేమంతా అనుకున్నాం. పోలేదు. పెళ్ళయితే ఫిట్స్ తగ్గిపోతాయని మా అత్త ఎక్కడో విని ఉంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అంటారు చూడండి, అందులో మొదటి సగం చూసి మా నాయన భయపడుతుంటే, రెండో సగం పట్టుకుని ఆమె తాంబూలాలు మార్చుకుంది.

ముహూర్తం తెల్లవారుజామున పెట్టారు. నిద్ర చెడితే నాకు ఫిట్స్ వస్తుందని డాక్టర్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పారు గానీ, పంచాంగం చూసే అయ్యవారికి ఆ సంగతితో పనేముంది? రాత్రంతా మేల్కొని, హోమం పొగలో కూర్చుని, పీటల మీదే పడిపోయాను. కాసేపటికి వణుకు ఆగింది. ఆగిందే తప్ప మనసు వెంటనే తిరిగి రాదు. ఫిట్స్ తర్వాత చాలాసేపు ఎవరు ఎవరో నాకు తెలీదు. కానీ ముహూర్తం దాటిపోతోంది కదా. ఇద్దరు పిన్నమ్మలు చెరో రెక్కా పట్టుకుని నన్ను నిటారుగా కూర్చోబెట్టారు. మేళం గట్టిగా మోగించారు. మా ఆయన తాళి కట్టేశాడు. ఇదంతా తర్వాత నేను వీడియోలో చూశాను. వీడియో తీసినాయన సంస్కారం ఉన్నవాడు. నేను పడిపోయిన ముక్క కోసేసి, అక్కడ రెండు హంసలు ఎగిరిపోతున్నట్టు పెట్టాడు.

ఈ హంసల సంగతి చెప్పి అందరినీ నవ్విస్తుంటాను. ఒంటరిగా చూసినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. నా మెడలో తాళి పడుతుంటే నేను అక్కడ లేను. వచ్చినవాళ్ళంతా నా పెళ్ళి చూసి, భోంచేసి పోయారు. నేనొక్కదాన్నే చూడలేదు.

పెళ్ళయింది, ఫిట్స్ తగ్గలేదు. “పిల్లలు పుడితే తగ్గిపోతాదిలే” అంది మా అత్త. ఆమె వైద్యంలో మందు మారదు, గడువే మారుతుంది.

నేను మాత్రం బెంగళూరు నుంచి ఆదివారాలు హిందూపురం వచ్చే నరాల డాక్టరును నమ్ముకున్నాను. బిడ్డ కావాలనుకున్నప్పుడే పోయి అడిగితే, కడుపులో బిడ్డకు ఇబ్బంది చేయని మాత్రకు మార్చాడు. అది పడ్డాక ఫిట్స్ రావడం ఆగిపోయింది. నెల తప్పాక ఈసారి మా అత్తను కూడా వెంటబెట్టుకుని పోయాను, ఆమె చెవులతో ఆమే వినాలని. ఆయన తెలుగు సగం కన్నడం.

“గుళిగె ఒక్క పూట కూడా బిడకూడదమ్మా. కాన్పు నార్మల్ అయితే నార్మల్. ఆపరేషన్ అంటే నడుముకి సూది వేసుకో. ఫిట్స్ ఉందని దానికి ఏమీ తొందరె లేదు.”

గుళిగె అంటే మాత్ర, బిడకూడదంటే మానకూడదని, తొందరె అంటే ఇబ్బంది. ఆ మాత్రం కన్నడం మా అత్తకు బాగానే వచ్చు. తల కూడా ఊపింది. బయటికొచ్చి ఆటో ఎక్కాక నోరు విప్పింది.

“ఆయప్ప చెప్పింది బాగానే ఉండాది గానీ, నడుముకి సూది ఏస్తే ఆ మందు నరం పట్టుకోని తలకాయకెక్కదా? నీకు ముందే తలకాయలో ఉండాది.”

“ఎక్కదంట అత్తా. ఆయన అంత చదివినాడు కదా.”

“చదివినోళ్ళకి ఏం తెల్సు, ఏయించుకున్నోళ్ళని అడగల్ల.”

వేయించుకున్నవాళ్ళు పెనుకొండలో మా వీధి నిండా ఉన్నారు. సిజేరియన్ అయిన ప్రతి ఆడమనిషికీ నడుము నొప్పే. ఒకామె ఎండాకాలమంతా ట్యాంకర్ దగ్గర బిందెలు బిందెలు నీళ్ళు మోస్తుంది. ఇంకొకామె హిందూపురం దారిలో బట్టల ఫ్యాక్టరీకి పోయి పొద్దంతా మిషను మీద వంగి కుట్టి వస్తుంది. అయినా నొప్పి మాత్రం ఎప్పుడో కాన్పు నాడు వేసిన ఆ సూది వల్లే. మరి సూది వేయించుకోని మగవాళ్ళకు నడుము నొప్పి ఎందుకొస్తుందని అడిగాను. “అది వాతం” అన్నారు. నా కడుపు నాకు బరువు కాలేదు గానీ ఈ సలహాలు మోయడం కష్టమైంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఒక రోజు అనేశాను కూడా. మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ హాయిగా నిద్రపోయాను.

తొమ్మిదో నెలలో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని స్కానింగ్‌లో తేలింది. ఆపరేషన్ తప్పదన్నారు. మొదటి కాన్పు పుట్టింటివాళ్ళది కాబట్టి ధర్మవరంలోనే చేయించాలని మా అమ్మ పట్టు. దానికి మా అత్త ఒప్పుకుంది, ఒక షరతు మీద: ఊరు మీది, టైము మాది. దేశాల మధ్య సంధులు కూడా ఇంత తొందరగా కుదరవు. పెనుకొండ అయ్యవారు పంచాంగం తిరగేసి దివ్యమైన ముహూర్తం ఒకటి పెట్టాడు. ఆ ఘడియలో పుట్టిన బిడ్డ రాజ్యం ఏలుతుందట. ఈ దేశంలో రాజ్యాలు లేవని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. బిడ్డ పుట్టే టైము సంగతి మాట్లాడుతున్నప్పుడు మా అత్త ముఖంలో ఉన్న సంబరం చూస్తే, నేను కడుపులోంచి కనేది బిడ్డను కాదు, నక్షత్రాన్ని అనిపించేది.

నాకు ముహూర్తంతో పని లేదు. నా మనసంతా ధర్మవరంలో ఆపరేషన్ చేయబోయే డాక్టరమ్మ చెప్పిన మాట మీదే ఉండేది.

“నడుముకి సూది వేస్తే కింది భాగం ఒక్కటే తిమ్మిరెక్కుతుంది. నువ్వు మేలుకోనే ఉంటావు. బిడ్డ ఏడిస్తే వింటావు. ఎత్తి చూపిస్తే చూస్తావు.”

ఆ మాట విన్న రోజు నేను ఇంటికొచ్చి ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే దాని మీద కూడా సలహాలొస్తాయి. నా బతుకులో పెద్ద పెద్ద సంగతులన్నీ నేను లేనప్పుడే జరిగిపోయాయి. దీన్నైనా నేనుండగా జరగనివ్వాలని, ఇంకేమీ వద్దని, దేవుడితో నేరుగా బేరం పెట్టుకున్నాను.

ఆపరేషన్ ముందు రోజే నర్సింగ్ హోమ్‌లో చేరాం. సాయంత్రం నర్సు వచ్చి, “రాత్రి నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు, మంచినీళ్ళు కూడా ఇయ్యొద్దండి” అని చెప్పి పోయింది. మా అమ్మకు అంతకంటే ఏం కావాలి? వైకుంఠ ఏకాదశికి కూడా ఆమె అంత నిష్ఠగా లేదు. నాకు ఎట్లాగూ నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, “అమ్మా, నా మాత్ర ఇయ్యి” అన్నాను.

“మంచినీళ్ళు కూడా వద్దనిరి కదా పాపా. మాత్ర ఎట్ల మింగుతావు?”

“ఒక్క గుటకతో మింగుతా. ఒక్క పూట కూడా ఆపకూడదని హిందూపురం డాక్టరు చెప్పలేదా?”

“ఆయప్ప ఉత్త రోజుల సంగతి చెప్పినాడు. ఆపరేషన్ నాటి సంగతి చెప్పలేదు కదా.”

“ఒక్క పూటకి ఏమైతాదిలే” అని మా అత్త అందుకుంది. “లోపల వాంతి అయితే ఎవురు దిక్కు? వదిన చెప్పిందే నిజం.”

పెళ్ళినాటి నుంచి ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడింది అదే మొదటిసారి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ అడిగినా పెట్టలేదు. మాత్రల అట్ట కొంగున ముడేసుకుని, ఆ ముడి నడుములో దోపుకుంది. నర్సును పిలిచి అడిగితే, “డాక్టరమ్మ థియేటర్‌లో ఉంది, వచ్చినాక అడుగుతా” అని పోయి మళ్ళీ రాలేదు. నాకు నిజంగా భయమేసింది. రాత్రి నిద్ర లేదు, పొద్దున మాత్ర లేదు. పెళ్ళినాడు నన్ను పడేసింది ఆ నిద్ర లేకపోవడమే. ఊపిరి పీల్చినప్పుడల్లా మాడిన వాసన ఉందేమోనని వెతుక్కుంటూ మంచం మీద కూర్చున్నాను.

ఇంక మత్తు డాక్టరు రావాలి. ఆయన ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడు ఊళ్ళ మధ్య కారులో తిరుగుతూ ఉంటాడు. ఏ నర్సింగ్ హోమ్‌లో కోత పడాలన్నా ఆయనే వచ్చి సూది వేయాలి. మామూలు రోజుల్లో సరిపోతాడు. ఆ రోజు మంచి రోజు. మూడు ఊళ్ళలోనూ పంచాంగాలు ఒకటే కాబట్టి, రాజ్యాలు ఏలబోయే బిడ్డలందరూ ఒకే ఘడియలో పుట్టడానికి తయారుగా ఉన్నారు, మత్తు డాక్టరు ఒక్కడే. పెనుకొండలో ఒకరికి సూది వేసి ఆయన మా దగ్గరికి వచ్చేసరికి మా అత్త గోడగడియారం కిందే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

థియేటర్ పక్క గదిలో నన్ను పడుకోబెట్టారు. వాకిట్లో మా అమ్మ, అత్త, మా ఆయన. మత్తు డాక్టరు చేతిలో ఫోను మోగుతూనే ఉంది. ముఖం చూస్తే పొద్దున్నుంచి ఆయన కడుపులో కూడా ఏమీ పడినట్టు లేదు. నా కాగితాలు చూసి మొదటి ప్రశ్న అదే అడిగాడు.

“పొద్దున ఫిట్స్ మాత్ర వేసుకున్నావామ్మా?”

నేను నోరు తెరిచేలోపల మా అమ్మ వాకిట్లోంచి గర్వంగా చెప్పింది. “ఏమీ ఇయ్యలేదు సార్. మంచినీళ్ళు కూడా పోయలేదు. మాత్ర అడిగితే కూడా ఇయ్యలేదు.”

మెచ్చుకుంటాడని ఆమె ఎదురుచూపు. ఆయన కళ్ళజోడు తీసి ముఖం తుడుచుకున్నాడు.

“ఏమీ ఇయ్యొద్దంటే అన్నం నీళ్ళు ఇయ్యొద్దని. ఫిట్స్ మాత్ర ఆపితే టేబుల్ మీదే వస్తాదమ్మా. అది గుటకెడు నీళ్ళతో మింగించాల్సింది.”

మా అమ్మ కొంగు ముడి విప్పబోయింది. రెండు చేతులతో ఎంత లాగినా ముడి రాలేదు. పొద్దున్నుంచి ఆమె మీద పెంచుకున్న కోపమంతా అది చూడగానే నీరుగారిపోయింది. నన్ను చిన్నప్పట్నుంచి ఒళ్ళో వేసుకుని నురగ తుడిచిన చేతులవి. ఆమె నాకు చెడు చేసిందల్లా, చెప్పిన మాట మరీ ఎక్కువగా వినడమే.

“ఇప్పుడది వద్దులే” అన్నాడు డాక్టరు. “మందు సెలైన్‌లో ఎక్కిస్తా. మెల్లగా పోవాల. అది పోయి, ఈమె కుదురుగా ఉందని చూసినాక నడుముకి సూది వేస్తా.”

“అంతసేపా?” మా అత్త గడియారం వైపు చూసింది. “ముహూర్తం దాటిపోతాది సార్! ఇంగ కొంచేపే ఉండాది. దానికి ఆ సూది ఎందుకు, మొత్తం మత్తు ఇచ్చి పండబెట్టేస్తే బిరీన అయిపోలేదా?”

డాక్టరు వెంటనే కాదనలేదు. ఫోను మళ్ళీ మోగింది. హిందూపురంలో ఇంకో యువరాజు ఎదురుచూస్తున్నట్టున్నాడు. ఆయన ఫోను కట్ చేసి, “అట్లా కూడా చేయొచ్చు” అన్నాడు. “పండబెట్టి గొంతులో గొట్టం వేయాల. నిండు చూలాలికి ఆ గొట్టంతో కొన్ని కష్టాలుంటాయి. ఆగగలిగితే నడుముకి సూదే మేలు.”

చెప్పింది రెండు ముక్కలు. వాకిట్లో ఉన్నవాళ్ళు మొదటి ముక్కే విన్నారు. చేయొచ్చు కదా, అయితే చేసేయండి. మా అమ్మ కూడా ఏడుస్తూ, “పండబెట్టేయండి సార్, మేలుకోని ఉంటే భయానికే ఫిట్స్ వస్తాదేమో” అంది. లోపల్నుంచి తల బయటపెట్టిన డాక్టరమ్మ, “మీరు ఎట్లంటే అట్ల సార్, తొందరగా చెప్పండి” అని మళ్ళీ లోపలికి పోయింది. అందరూ డాక్టరు ముఖం చూస్తున్నారు. డాక్టరు గడియారం చూస్తున్నాడు. ఆ గదిలో నా ముఖం చూసినవాళ్ళు లేరు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. లెక్కల టీచర్ని కదా, వరసగా కారణాలు చెప్పాలని రాత్రంతా నేర్చుకున్నవి ఒక్కటీ గుర్తు రాలేదు.

“పండబెట్టొద్దు సార్. నా పెళ్ళే నేను చూసుకోలేదు. నా బిడ్డనన్నా చూడనీయండి.”

“ఇదేం మాటమ్మే!” అంది మా అత్త. “ఇంగ జన్మంతా చూస్తానే ఉంటావు కదా బిడ్డని. ముహూర్తం పోతే మళ్ళీ వస్తాదా?”

అప్పుడు మా ఆయన మాట్లాడాడు. ఆయన ఎప్పుడూ చివర ఎవరు మాట్లాడితే వాళ్ళ పక్కకు ఒరిగే మనిషి. తను పనిచేసే ఫ్యాక్టరీలో షిఫ్టు మార్చుకున్నంత సులభంగా అభిప్రాయం మార్చుకుంటాడు. ఇప్పుడూ అమ్మ మాటకే తల ఊపుతాడని కళ్ళు మూసుకున్నాను.

“ఆ పొద్దు కూడా ముహూర్తమనే కదమ్మా కట్టించినారు” అన్నాడు. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. “నేను తాళి కడతాంటే ఈమె నా మొగం చూసి, ‘ఎవురు నువ్వు’ అని అడిగింది సార్. నేను ఎవురికీ చెప్పలేదు. నాకు ఇంగో ముహూర్తం వద్దు. ఈమె చెప్పినట్ల చేయండి.”

ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి. వీడియోలో మేళం మోతకు నా మాట వినబడదు. ఆయన అన్నేళ్ళు ఆ ప్రశ్న తనలోనే పెట్టుకుని నాతో కాపురం చేశాడు. ఆ మనిషిని నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదనిపించింది.

డాక్టరు నర్సుతో సెలైన్ పెట్టమన్నాడు. హిందూపురానికి ఫోను చేసి, “ఆలస్యమైతాదప్పా, మీ నక్షత్రాన్ని కొంచెం ఆగమను” అన్నాడు. మందు బొట్టు బొట్టుగా దిగింది. బయట మా అత్త, ఇంక ఎంతసేపుందో గట్టిగా అందరికీ చెబుతూనే ఉంది. కాసేపటికి ఆ గొంతు కూడా ఆగిపోయింది. ముహూర్తం దాటిపోయిందని దాన్ని బట్టే తెలిసింది.

థియేటర్‌లో నన్ను బల్ల అంచున కూర్చోబెట్టి, దిండు కావలించుకుని ముందుకు వంగమన్నారు. నిండు కడుపుతో వంగడం ఎంత సుఖమో అది చెప్పేవాళ్ళకు తెలిస్తే బాగుండును. నర్సు నా భుజాలు పట్టుకుంది. వీపు మీద చల్లగా మందు పూశారు. “కదలొద్దు” అన్నాడు డాక్టరు. చీమ కుట్టినట్టయింది, లోపల ఒత్తినట్టయింది, అంతే. ఊరంతా కట్టగట్టుకుని పురాణం చెప్పిన సూది ఇదేనా అని నాకు కొంచెం నిరాశగా కూడా అనిపించింది. పడుకోబెట్టేలోపలే కాళ్ళు వెచ్చబడి బరువెక్కి, నావి కాకుండా పోయాయి. నా బతుకంతా తల పోయి ఒళ్ళు మిగిలేది. ఇప్పుడు ఒళ్ళు పోయి తల మిగిలింది. ఆ తలను అటూ ఇటూ తిప్పి, పైన దీపాలు, గోడ మీద పెచ్చు ఊడిన రంగు, అన్నీ ఆశగా చూసుకున్నాను.

ఛాతీ దగ్గర అడ్డంగా గుడ్డ కట్టారు. అవతల పని మొదలైంది. అప్పుడు వచ్చింది ఆ వాసన. మాడిన వాసన.

వచ్చేసింది. ఇంత చేసీ, ముహూర్తాన్ని తన్నేసి, మొగుడిని ఏడిపించి, చివరికి ఈ బల్ల మీద మళ్ళీ నేను లేకుండా పోతున్నాను. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తల దగ్గర కూర్చున్న మత్తు డాక్టరుతో చెప్పాను, “సార్, మాడిన వాసన వస్తాండాది. ఫిట్స్ వచ్చే ముందు నాకు ఇట్లే వస్తాది.”

ఆయన ముక్కు ఎగబీల్చాడు.

“నాకూ వస్తాండాదమ్మా. రక్తం ఆపడానికి మిషన్‌తో కాలుస్తారు, దాని వాసన. ఈడ అందరికీ వస్తాండాది.”

అందరికీ వస్తోందట. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి నా ఒక్కదానికే వచ్చిన వాసన, ఆ గదిలో నర్సుకీ డాక్టరుకీ నేల తుడిచే ఆయమ్మకీ కూడా వస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక గట్టిగానే నవ్వాను. “కడుపు కదిలించొద్దమ్మా” అని అవతల్నుంచి డాక్టరమ్మ కసిరింది. కాల్చిన మనిషి వాసనకు అంత సంతోషపడిన చూలాలిని ఆమె చూసి ఉండదు.

తర్వాత కడుపులో ఎవరో మూట విప్పి వెతుకుతున్నట్టు లాగారు. నొప్పి లేదు, లాగుడు మాత్రం తెలుస్తోంది. గుడ్డ పైకి రెండు చేతులు లేచాయి, వాటిలో తడిగా, ఎర్రగా, వంకర కాళ్ళతో ఒక మనిషి. నేను ఏడుపు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఆ మనిషి ముందు ఏడవలేదు. ముఖం ముడిచి, పెద్ద పని ఏదో చేయబోతున్నట్టు ఒక్క క్షణం ఆగి, తుమ్మింది. చిన్న తుమ్ము, పిల్లి తుమ్మినట్టు. ఆ తర్వాతే ఏడుపు అందుకుంది.

“ఆడపిల్ల” అన్నారు. బుగ్గ మీద బుగ్గ పెట్టారు. ఆ వెచ్చదనం ఇప్పటికీ నాకు తెలుసు. నేను ఉన్నాను. మొదట్నుంచి చివరి దాకా అక్కడే ఉన్నాను.

తుమ్ము సంగతి మాత్రం బయట చెప్పలేదు. ముహూర్తం తప్పి పుట్టడమే కాకుండా ఈ లోకంలోకి ఒంటి తుమ్ముతో అడుగుపెట్టిందని మా అత్తకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా! అప్పటికే ఆమె పెనుకొండ అయ్యవారికి ఫోనులో జరిగిన ఘోరం వివరిస్తోంది. ఆయన చాలా పట్టువిడుపులున్న మనిషి. ఈ ఘడియ కూడా మంచిదేననీ, కాకపోతే నక్షత్రానికి చిన్న శాంతి చేయించాలనీ, ఈ ఘడియలో రాజ్యం లేకపోయినా గవర్నమెంటు ఉద్యోగం తప్పకుండా ఉందనీ చెప్పాడు. మా అత్త ఊపిరి పీల్చుకుంది. ఈ కాలంలో రాజ్యం కంటే అదే నయం కదా.

నా నడుము కోసం కూడా ఆమె చాలా రోజులు ఎదురుచూసింది. “ఇంగా నొప్పి రాలేదా?” అని వంగినప్పుడల్లా అడిగేది. రాలేదంటే, “వస్తాదిలే” అని ధైర్యం చెప్పేది. ఫిట్స్ మాత్రలు మాత్రం ఇప్పుడు నేను అడగకముందే మా అమ్మ ఫోను చేసి గుర్తు చేస్తుంది, రోజూ, రెండు పూటలా. విసుగొచ్చినా వేసుకున్నానని చెబుతాను. చెప్పేదాకా ఫోను పెట్టదు.

పాప ఇప్పుడు మా బళ్ళోనే చదువుతోంది. మొన్న పొద్దున జడ వేస్తుంటే ఉన్నట్టుండి అడిగింది.

“అమ్మా, నేను పుట్టినప్పుడు ఏం చేసినా?”

మా అత్త అక్కడే కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఊళ్ళో ఎవరి సంగతి ఎవరడిగినా ముందు జవాబిచ్చేది ఆమే. నేనూ ఆమె చెబుతుందనే ఆగాను. ఆమె చేట మీద చెయ్యి ఆపి, నా వైపు చూసింది.

“మాకేం తెల్సు పాపా, మేమంతా బయట ఉంటిమి. మీయమ్మ ఒక్కతే చూసింది. ఆమెనే అడుగు.”

నా చేతిలో జడ జారిపోయింది. మళ్ళీ మొదట్నుంచి అల్లాల్సి వచ్చింది. ఆ వంకతో వంగి పాప చెవిలో చెప్పాను, అవ్వకు వినబడకుండా.

“ముందు తుమ్మినావు. ఆ తర్వాత ఏడ్చినావు.”

పాప కిసుక్కున నవ్వింది. “ఇంగా?”

నాకు అంతా గుర్తుంది. చెప్పడం మొదలుపెట్టాను.